డాక్టర్లు లేని చోట వినికిడి సేవలకు మనుషుల్ని ఎలా తయారుచేయాలి

థ్యోలో అనేది మలావి దేశానికి దక్షిణాన ఉన్న తేయాకు తోటల జిల్లా. అక్కడ క్యాంపులు పెట్టి పిల్లల చెవులు పరీక్షించారు. సమస్య ఉన్నవారికి బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్‌కి వెళ్లమని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ అందుకున్న పిల్లల్లో నూటికి ఐదుగురు కూడా ఆసుపత్రికి చేరలేదు. ఎందుకని ఇళ్లకు వెళ్లి అడిగితే వచ్చిన జవాబులు మన పల్లెల్లో వినేవే. దూరం, బండి దొరకదు, దారి ఖర్చులకు డబ్బుల్లేవు, క్యాంపులో ఏం చెప్పారో సరిగా అర్థం కాలేదు, వినికిడి తగ్గడానికి వైద్యం ఉంటుందని తెలియదు. ఈ అధ్యయనం 2017లో అచ్చయింది.

అదే జిల్లాలో ఇంకో ప్రయోగం జరిగింది. ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు చెవి, వినికిడి గురించి కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి చూశారు. వాళ్లు చక్కగా నేర్చుకున్నారు, సమస్యలు గుర్తుపట్టగలిగారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒకటే అర్థమైంది: నేర్పడం కష్టం కాదు. నేర్చుకున్న మనిషి సోమవారం పనిలోకి వెళ్లాక అతని చేతిలో ఏముంది, అతని వెనక ఎవరున్నారు అన్నదే అసలు సంగతి. శిక్షణ కార్యక్రమం కట్టేటప్పుడు సగానికి పైగా శ్రమ క్లాసు ముందూ, క్లాసు తర్వాతా పెట్టాలి. చాలామంది మొత్తం డబ్బూ క్లాసు మీదే ఖర్చుపెట్టి, సర్టిఫికెట్లు పంచి, గ్రూప్ ఫోటో దిగి వచ్చేస్తారు.

మీరు ఆడియాలజిస్టు (వినికిడిని పరీక్షించి, యంత్రాలు అమర్చే నిపుణులు) కావచ్చు, ఈఎన్‌టీ డాక్టరు కావచ్చు, ఆఫ్రికాలో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ ఉన్న ఊరికి ఏదైనా చేయాలనుకుంటున్న తెలుగువారు కావచ్చు. ఏ పేద దేశానికైనా వరస ఇంచుమించు ఇదే. ఉదాహరణలు మాత్రం మలావి నుంచే ఇస్తాను.

ముందు ఉన్నది లెక్క తీయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వినికిడి మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. వినికిడి లోపానికి సాయం అవసరమైన వాళ్లు ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా ఉన్నారని, వాళ్లలో దాదాపు 80 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారని అందులో ఉంది. పేద దేశాల్లో 78 శాతం చోట్ల పది లక్షల జనాభాకు ఒక్క ఈఎన్‌టీ డాక్టరైనా లేరు. ఆడియాలజిస్టుల సంగతైతే 93 శాతం దేశాల్లో అదే పరిస్థితి.

ఈ అంకెలు దాతలకు చూపించడానికి పనికొస్తాయి. మీ పనికి కావలసిన లెక్క వేరు, దాన్ని కాళ్లరిగేలా తిరిగి మీరే తీయాలి. ఒక జిల్లా తీసుకోండి. జిల్లా ఆసుపత్రిలో చెవులు చూసేదెవరు? చెవి లోపల చూసే ఆటోస్కోప్ ఉందా, దాని బల్బు వెలుగుతోందా? మందుల గదిలోకి వెళ్లి సిప్రోఫ్లాక్సాసిన్ చెవి చుక్కల స్టాక్ కార్డు అడిగి చూడండి. చుక్కలు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడయిపోయాయి, మళ్లీ వచ్చేదాకా ఎన్ని నెలలు ఖాళీగా ఉంది అన్నీ ఆ ఒక్క కార్డు మీద ఉంటాయి. మంత్రిత్వ శాఖలో అడిగితే ‘సప్లై ఉంది’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు, మందు సెంట్రల్ మెడికల్ స్టోర్స్‌లో ఉండి ఉంటుంది. ఊరికి చేరిందా లేదా చెప్పేది మాత్రం ఆ కార్డే.

అలాగే దగ్గర్లో బధిరుల పాఠశాల ఎక్కడుందో చూడండి. మలావిలో ముఆ, మేరీవ్యూ, ఎంబాంగ్వేని, కరోంగా లాంటి చోట్ల ఎప్పట్నుంచో ఉన్నాయి. బధిరుల జాతీయ సంఘం కూడా ఉంది. వాళ్లతో మొదటి నెలలోనే కూర్చోండి. వాళ్ల మాట వినకుండా వాళ్ల కోసం కార్యక్రమం రాయడం తప్పు. పైగా ఏ ఆసుపత్రిలో ఎవరు మర్యాదగా చూస్తారో, ఎవరు విసుక్కుంటారో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఎవరికి నేర్పాలి

మలావిలో మన ఆశా కార్యకర్తల్లాంటి వాళ్లు ఉన్నారు. హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్లు అంటారు. టీకాలు, నీళ్ల శుభ్రత, ఐదేళ్లలోపు పిల్లల జ్వరాలు, విరేచనాలు అన్నీ వాళ్ల నెత్తిమీదే. మన ఆశాలకు గౌరవ వేతనం, ప్రోత్సాహకాలే ఆధారం, వాళ్లు మాత్రం ప్రభుత్వ జీతం తీసుకునే సిబ్బంది. వీళ్లకు పైన క్లినికల్ ఆఫీసర్లు. మూడేళ్ల డిప్లొమా చదివి, జిల్లా ఆసుపత్రుల్లో డాక్టరు చేసే పనులు చాలావరకు చేసేది వీళ్లే. ఆ పైన వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది స్పెషలిస్టులు.

అందరూ కింది నుంచి మొదలుపెడతారు. మనుషులు ఎక్కువ, ఖర్చు తక్కువ, వందమందికి శిక్షణ ఇచ్చామని రిపోర్టులో బాగుంటుంది కూడా. నేను మధ్య నుంచి మొదలుపెట్టమంటాను. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక క్లినికల్ ఆఫీసర్‌నీ, ఒక నర్సునీ ముందు సిద్ధం చేయండి. కార్యకర్త ఊళ్లో చెవి కారే పిల్లాడిని గుర్తించి పంపితే అక్కడ చూసేవాడు ఉండాలి. లేకపోతే ఆ తల్లి తిరిగొచ్చి ఊళ్లో పదిమందికి చెబుతుంది, ఆ కార్యకర్త మాటకు విలువ పోతుంది.

మధ్యవాళ్లను ఎంచుకోవడానికి ఇంకో కారణం, వాళ్లు ఉండిపోతారు. డాక్టరు డిగ్రీకి విదేశాల్లో గిరాకీ ఉంటుంది. క్లినికల్ ఆఫీసర్ డిప్లొమాకి బయట పెద్దగా గుర్తింపు లేదు. అందుకే వాళ్లలో చాలామంది దేశంలోనే, తరచు జిల్లాల్లోనే పనిచేస్తారు. కెన్యా, జాంబియా కూడా చెవి, ముక్కు, గొంతు పనికి క్లినికల్ ఆఫీసర్లనే తయారుచేసుకున్నాయి. ఆడియాలజిస్టులూ కావాలి, కానీ అది ఏళ్ల తరబడి సాగే పని. మలావి రాజధాని లిలోంగ్వేలో ఆఫ్రికన్ బైబిల్ కాలేజీకి చెందిన వినికిడి క్లినిక్ స్థానికులకు ఆడియాలజీ నేర్పుతూ వచ్చింది. మన దేశంలో ఆడియాలజీ నేర్పే మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో మొదలైంది, అయినా ఇప్పటికీ జిల్లాల్లో మనుషులు చాలరు. కాబట్టి డిగ్రీ కోర్సు ఒక పక్క నడవనివ్వండి, దాని కోసం మిగతా పని ఆపకండి.

ఎంపికలో ఒక జాగ్రత్త. శిక్షణకు వస్తే భత్యం ఇస్తారు. జీతాలు తక్కువైన చోట ఆ భత్యం ఇంటికి పెద్ద ఆసరా. అందుకని పై అధికారులు ‘ఈసారి నీ వంతు’ అని పేర్లు పంపుతుంటారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మీరు ప్రభుత్వ రేటు ప్రకారం భత్యం ఇవ్వండి, తగ్గించకండి. అభ్యర్థిని మాత్రం కాగితం మీద కాకుండా పనిచేసే చోటికే వెళ్లి ఎంచుకోండి. ఓపీలో గంటసేపు పక్కన కూర్చుంటే తెలిసిపోతుంది, పిల్లల చెవి చూడటానికి ఓపిక ఉన్నదెవరికో. మరో మూడేళ్లు ఆ జిల్లా నుంచి బదిలీ చేయబోమని జిల్లా ఆరోగ్య అధికారి దగ్గర రాతపూర్వకంగా హామీ తీసుకోండి. ఈ ఒక్క ఉత్తరం లేక ఎన్ని కార్యక్రమాలు గాల్లో కలిసిపోయాయో.

సిలబస్ కాదు, ముందు పనుల జాబితా

పుస్తకంలోని అధ్యాయాలు చూసి సిలబస్ రాయకండి. ‘ఈ మనిషి తిరిగి వెళ్లాక ఏ పనులు చేయాలి’ అని రాయండి. ఆ జాబితాలో లేనిది నేర్పకండి. కార్యకర్తకు లోపలి చెవి బొమ్మ గీసి కోక్లియా గురించి పూట వృథా చేయడం ఎన్నో చోట్ల జరిగేదే.

ఊరి కార్యకర్త జాబితా చిన్నది. చెవి కారుతోందా అని అడగడం, చూడటం. చెవి వెనక ముట్టుకుంటే నొప్పి పుట్టే వాపు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పంపడం. మాటలు ఆలస్యమైన పిల్లల్ని గుర్తించడం. ‘వయసొస్తే మాటలు అవే వస్తాయి, వాళ్ల మేనమామకి కూడా ఆలస్యంగానే వచ్చాయి’ అని మన దగ్గర పెద్దవాళ్లు అన్నట్టే అక్కడా అంటారు. ఆ మాట దగ్గరే ఏళ్లు పోతాయి. పుట్టిన బిడ్డకు నెలలోపు పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు అన్నది ప్రపంచమంతా పెట్టుకున్న లక్ష్యం. పరికరాలు లేని చోట అది ఇప్పుడే అందదు. రెండేళ్లకు రావలసిన బిడ్డ ఆరేళ్లకు రాకుండా చూడగలిగితే అదే పెద్ద మెట్టు. ఇక చివరిది, చెవిలో నూనె, ఆకు పసరు, పుల్లలు పెట్టవద్దని చెప్పడం. ఆముదం గోరువెచ్చగా కాచి చెవిలో పోసే ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి కదా, కోప్పడితే ఎవరూ మానరని మీకు తెలుసు.

క్లినికల్ ఆఫీసర్ జాబితా పెద్దది. ఆటోస్కోపీ, గుబిలి తీయడం, చెవిలో ఇరుక్కున్న గింజలు, పూసలు తీయడం, చీము చెవికి వైద్యం, సాధారణ ఆడియోమెట్రీ (ఆడియోమీటర్ అనే యంత్రంతో వినికిడి కొలవడం), ఎవరిని పైకి పంపాలో నిర్ణయించడం. దీంతోపాటు చెవిని దెబ్బతీసే మందుల సంగతి తప్పకుండా చేర్చండి. మందులకు లొంగని క్షయకు కనామైసిన్ ఇంజెక్షన్లు వేయించుకుని వినికిడి పోగొట్టుకున్నవాళ్లు ఆఫ్రికాలో చాలామంది. 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు వద్దని చెబుతోంది. ఈలోపు నష్టపోయినవాళ్లు మీ దగ్గరికే వస్తారు. అలాగే చెవిని దెబ్బతీసే జెంటామైసిన్ ఇంకా వాడుకలోనే ఉంది.

పాఠాలు కొత్తగా రాసుకునే శ్రమ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రాథమిక చెవి, వినికిడి సంరక్షణకు మూడు స్థాయుల శిక్షణ సామగ్రి విడుదల చేసింది. 2023లో కొత్త మాన్యువల్ ఇచ్చింది. రెండూ ఉచితం. వాటిలోంచి మీ జాబితాకు సరిపడేవి తీసి, అక్కడి జనం మాట్లాడే చిచేవా భాషలోకి మార్పించండి. మార్చే పని నగరంలోని అనువాదకుడికి ఇవ్వకుండా ఇద్దరు కార్యకర్తల్ని కూర్చోబెట్టి చేయించండి. ఊళ్లో తల్లికి ఏ మాట అర్థమవుతుందో వాళ్లకే తెలుసు.

ఒక్క పనిని లోతుగా నేర్పాలంటే, అది చీము చెవి

సమయం తక్కువైతే మిగతావన్నీ కుదించండి, దీన్ని కుదించకండి. పేద దేశాల్లో పిల్లల వినికిడి పోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. దీని వైద్యం చవక, ఊళ్లోనే చేయవచ్చు. పిల్లల్లో వినికిడి లోపం దాదాపు 60 శాతం నివారించగలిగిన కారణాల వల్లే వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో చెవి ఇన్ఫెక్షన్లతో పాటు తట్టు, రుబెల్లా, మెనింజైటిస్, పుట్టినప్పటి కామెర్లు ఉన్నాయి.

గీత 14 రోజుల దగ్గర గీయాలి. చెవి కారడం మొదలై 14 రోజులు కాకపోతే అది కొత్త ఇన్ఫెక్షన్. ఐదు రోజులు నోటి ద్వారా యాంటీబయాటిక్, దాంతోపాటు చెవి ఆరబెట్టడం. 14 రోజులు దాటితే పాతపడింది. అప్పుడు చెవి ఆరబెట్టి, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి క్వినోలోన్ చుక్కలు రెండు వారాలు వేయాలి. చాలా చోట్ల పాతపడిన చెవికి కూడా పదేపదే అమాక్సిసిలిన్ సిరప్ రాస్తూనే ఉంటారు. చీము నిండిన చెవిలో చుక్కలు వేసినా మందు లోపలికి పోదు. అందుకే ఆరబెట్టడం ముందు.

ఆరబెట్టడం చూపిస్తే సరిపోదు, ప్రతి ఒక్కరి చేతా చేయించాలి. శుభ్రమైన, నీరు పీల్చే గుడ్డ ముక్కనో గట్టి టిష్యూనో వత్తిలా పేనాలి. దీపం వత్తి పేనడం తెలిసిన చేతికి ఇది ఇట్టే వస్తుంది. కాటన్ బడ్, అగ్గిపుల్ల, తడిస్తే చీలిపోయే పల్చటి కాగితం పనికిరావు. వత్తిని చెవిలో పెట్టి, తడిశాక తీసి, కొత్తది పెట్టాలి. తీసిన వత్తి పొడిగా వచ్చేదాకా ఇలాగే. ఆ తర్వాతే చుక్కలు. రోజుకు కనీసం మూడుసార్లు. అంటే ఇది కార్యకర్త పని కాదు, తల్లి పని. కాబట్టి మీరు నిజానికి నేర్పాల్సింది వత్తి పెట్టడం కాదు, వత్తి పెట్టడం తల్లికి నేర్పడం. పరీక్షలో కూడా అదే అడగండి. ఒక తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి ‘ఈమెకు నేర్పు’ అనండి. తల్లి తనంతట తాను తప్పు లేకుండా చేసి చూపిస్తే కార్యకర్త పాసైనట్టు.

పరికరాలు

క్లాసులో ఏ ఆటోస్కోప్‌తో నేర్చుకున్నాడో అదే అతనితో ఇంటికి వెళ్లాలి. ఖరీదైన పరికరంతో నేర్పి ఖాళీ చేతులతో పంపడం కన్నా, చవకైనదాన్ని ఇచ్చి పంపడం వెయ్యి రెట్లు నయం. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో తయారుచేసిన ఆర్క్‌లైట్ అనే ఆటోస్కోప్ జేబులో పడుతుంది, సౌరశక్తితో ఛార్జ్ అవుతుంది, కళ్లు కూడా చూడొచ్చు. బల్బులు, బ్యాటరీలు కొనే పని లేదు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని చోట ఇది చిన్న విషయం కాదు.

ఆటోస్కోప్‌ని పెన్సిల్‌లా పట్టుకుని చిటికెన వేలు రోగి చెంపకు ఆనించడం మొదటి గంటలోనే అలవాటు చేయండి. పిల్లాడు తల తిప్పితే చెయ్యీ దాంతోపాటే కదులుతుంది, లోపల గుచ్చుకోదు. పెద్దవాళ్లకు చెవిని పైకీ వెనక్కీ, పసిపిల్లలకు వెనక్కీ కిందికీ లాగాలి. ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి పెట్టే ముందు చివరి గొట్టం సబ్బుతో కడిగి, స్పిరిట్‌లో ముంచాలి. స్పిరిట్ సీసా కూడా కిట్‌లోనే ఉండాలి.

ఆడియోమీటర్ ఇవ్వాలనుకుంటే రెండు ప్రశ్నలకు జవాబు ఉందా చూసుకోండి. ఏటా కాలిబ్రేషన్ (యంత్రం ఇచ్చే శబ్దం కొలత సరిచూడటం) ఎక్కడ చేయిస్తారు? పరీక్ష ఏ గదిలో చేస్తారు? ఆరోగ్య కేంద్రాలకు రేకుల కప్పు ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం. రేకుల మీద వాన పడుతుంటే ఏ ఆడియోమీటరూ పనిచేయదు, అందరూ ఫెయిలవుతారు. బడి పిల్లల స్క్రీనింగ్ వానలు లేని నెలలకు పెట్టుకోండి. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన నుంచి వచ్చిన ఫోన్ ఆధారిత స్క్రీనింగ్ పద్ధతి గదిలో శబ్దం ఎక్కువైతే చెబుతుంది, అది మంచి సాయం. ఏ యంత్రమైనా రోజూ పొద్దున్నే, వినికిడి మామూలుగా ఉన్న ఒకే మనిషి పెట్టుకుని విని చూడాలి. నిన్న వినిపించిన శబ్దం ఇవాళ వినిపించకపోతే ఆ రోజు పరీక్షలు ఆపాలి.

క్లాసు

దీని గురించి ఎక్కువ చెప్పను. మూడు నుంచి ఐదు రోజులు, ఇరవై మందికి మించకుండా, మధ్యాహ్నాలన్నీ నిజమైన రోగులతో. హోటల్ హాలులో వద్దు, ఆసుపత్రిలోనే పెట్టండి. పాఠం చెప్పేవాళ్లలో కనీసం ఒకరు ఆ దేశపు క్లినికల్ ఆఫీసర్ అయి ఉండాలి. రెండో బ్యాచ్ నుంచి ముఖ్య బోధకుడు అతనే. ఒక పూట బధిరుల సంఘం వాళ్లకు ఇవ్వండి, ఆసుపత్రికి వచ్చినప్పుడు తమకేం జరుగుతుందో వాళ్లే సైగ భాషలో చెబుతారు. ముఖం కనబడేలా మాట్లాడటం, క్యూలో పేరు అరిచి పిలవకుండా భుజం తట్టి పిలవడం లాంటివి ఆ పూటలో నేర్చుకున్నవాళ్లు మర్చిపోరు.

ముందూ తర్వాతా రాత పరీక్ష పెడితే మార్కులు పెరుగుతాయి, ఎప్పుడూ పెరుగుతాయి. వాటిని చూసి పొంగిపోకండి.

అసలు శిక్షణ క్లాసు తర్వాతి ఏడాది

బడ్జెట్‌లో ఈ భాగానికి ముందే డబ్బు పక్కన పెట్టండి. మొదటి మూడు నెలలు నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి పర్యవేక్షకుడు ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లాలి. వెళ్లి రిజిస్టర్ మీద సంతకం పెట్టి రావడం కాదు, పక్కన కూర్చుని ఐదుగురు రోగుల చెవులు ఇద్దరూ చూడాలి. ముందు శిష్యుడు, తర్వాత గురువు. కర్ణభేరి కనిపించిందా, రంధ్రం ఉందా, గుబిలేనా, విడివిడిగా రాసుకుని పోల్చుకోవాలి. తేడాలు వచ్చిన చోటే పాఠం. పర్యవేక్షకుడికి మోటార్‌సైకిల్ పెట్రోలు డబ్బు లేకపోతే ఇదంతా కాగితం మీదే ఉంటుంది. మధ్యలో వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే చాలా మేలు, అనుమానం వచ్చిన ఫోటో పెడితే సాయంత్రానికి జవాబు వస్తుంది. రోగి పేరు, ముఖం పెట్టకూడదని మాత్రం మొదటి రోజే గట్టిగా చెప్పండి.

రిజిస్టర్ కొత్తది పెట్టకండి. కార్యకర్తకు ఇప్పటికే బోలెడు రిజిస్టర్లు. మలావిలో ప్రతి మనిషి దగ్గరా హెల్త్ పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం ఉంటుంది. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా అందులోనే రాస్తారు, అది రోగి ఇంట్లోనే ఉంటుంది. చెవి సంగతి కూడా అందులోనే రాయించండి: తేదీ, ఏ చెవి, ఎన్ని రోజులుగా, ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు రావాలి. ఐదు ముక్కలకు చిన్న రబ్బరు స్టాంపు చేయిస్తే రాయడం అర నిమిషంలో అయిపోతుంది.

ఇక రెఫరల్. థ్యోలో పిల్లలు బ్లాంటైర్ చేరలేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. రోగిని ఆసుపత్రికి పంపడం కన్నా చూసేవాళ్లను రోగి దగ్గరికి తీసుకెళ్లడం తేలిక. నెలలో ఒక నిర్ణీత రోజున, ఉదాహరణకు మొదటి మంగళవారం, జిల్లా ఆసుపత్రి నుంచి శిక్షణ పొందిన క్లినికల్ ఆఫీసర్ ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్తాడు. చుట్టుపక్కల కార్యకర్తలు తాము గుర్తించిన వాళ్లందర్నీ ఆ రోజు అక్కడికి రప్పిస్తారు. తేదీ మారకూడదు. ఊరి పెద్దలకూ, చర్చికీ, మసీదుకూ ముందే చెప్పాలి. మలావిలో గ్రామ పెద్దల మాటకు బలం ఎక్కువ, వాళ్లు చాటిస్తే జనం వస్తారు. పెద్ద ఆసుపత్రికే పంపాల్సిన వాళ్లు అప్పటికీ కొందరుంటారు. వాళ్లకు ఎవర్ని కలవాలో పేరు, ఏ రోజు వెళ్లాలో తేదీ, రానుపోను ఛార్జీలు ఇచ్చి పంపండి. వారం తర్వాత కార్యకర్త ఇంటికి వెళ్లి ‘వెళ్లారా’ అని అడగాలి.

వినికిడి యంత్రాలు ఎప్పుడు

దాతలు ముందు అడిగేది ఇదే. యంత్రం పెట్టగానే పిల్లాడి ముఖం వెలిగిపోయే వీడియో వాళ్లకు కావాలి. ఆ తొందరలో పడకండి. యంత్రం అవసరమైనవాళ్లలో దాదాపు 83 శాతం మందికి అది ప్రపంచంలో ఇంకా అందడం లేదు. కాబట్టి ఇవ్వాల్సిందే. కానీ బ్యాటరీ దారి, మోల్డు (యంత్రాన్ని చెవిలో నిలిపే, చెవి కొలతకు పోసిన అచ్చు) దారి తెరుచుకున్నాకే.

యంత్రాల్లో వేసే జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ తీస్తే ఒకటి రెండు వారాలు వస్తుంది. అంటే ఒక్కో యంత్రానికి ఏడాదికి నలభై దాకా కావాలి. అవి జిల్లా కేంద్రంలో ఏ దుకాణంలో, ఎంతకు దొరుకుతాయి? దొరక్కపోతే ఛార్జింగ్ బ్యాటరీల వైపు చూడండి. దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోనే, బోట్స్వానాలోని ఒట్సే అనే ఊళ్లో సౌరశక్తితో ఛార్జ్ అయ్యే వినికిడి బ్యాటరీల పని మొదలైంది, చేసింది వినికిడి లేని కార్మికులే. పిల్లల చెవులు పెరుగుతాయి కాబట్టి మోల్డు కొన్ని నెలలకే వదులవుతుంది, యంత్రం కీచుమంటుంది, తల్లి తీసి ట్రంకు పెట్టెలో దాచేస్తుంది. అందుకని యంత్రాల శిక్షణలో మోల్డు అచ్చు తీయడం, గొట్టం మార్చడం, చెమట తడి ఆరబెట్టడం నేర్చుకున్న ఒక టెక్నీషియన్ జిల్లాలోనే ఉండాలి. బ్యాటరీ పిల్లలు మింగితే ప్రాణానికే ప్రమాదమని ప్రతి ఇంటికీ చెప్పాలి.

ఇదంతా ఆడియాలజిస్టే చేయాలన్న పట్టు వద్దు. తగిన శిక్షణ, పర్యవేక్షణ ఉంటే స్పెషలిస్టులు కానివాళ్లు కూడా యంత్రాలు అమర్చవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో పేద, మధ్యాదాయ దేశాల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. మన వృత్తివాళ్లలో కొందరికి ఇది నచ్చదు. పది లక్షల మందికి ఒక్కరం కూడా లేని చోట మన పని మనమే చేస్తామని భీష్మించుకుంటే నష్టపోయేది పిల్లలు.

ఏం లెక్కపెట్టాలి

శిక్షణ పొందినవాళ్ల సంఖ్య దాతకు రాయండి, మీరు మాత్రం మూడు చూడండి. ఏడాది తర్వాత అదే చోట అదే పని చేస్తున్నవాళ్లు ఎందరు. చీము చెవితో వచ్చిన పిల్లల్లో నెల తిరిగేసరికి చెవి పొడిగా ఉన్నవాళ్లు ఎందరు. పైకి పంపినవాళ్లలో చేరినవాళ్లు ఎందరు. యంత్రాలు ఇస్తే నాలుగోది కూడా ఉంది, ఆరు నెలల తర్వాత ఇంటికి వెళ్లి చూసినప్పుడు అది చెవికి ఉందా. ఈ అంకెలు మొదట్లో బాగుండవు. అయినా జిల్లా అధికారికి ఉన్నవి ఉన్నట్టే చూపించండి. బాగోలేని అంకె చూపించి ‘చుక్కలు మూడు నెలలు లేవు, అందుకే’ అని చెబితే ఆయన చేయగలిగింది ఒకటుంటుంది.

అప్పగించడం మొదటి ఏడాదే మొదలుపెట్టండి

మలావిలో ప్రతి జిల్లా ఏటా తన అమలు ప్రణాళిక రాసుకుంటుంది. 2022 నుంచి అక్కడి ఆర్థిక సంవత్సరం మన దేశంలో లాగే ఏప్రిల్‌లో మొదలవుతుంది. కాబట్టి అంతకు కొన్ని నెలల ముందే, ప్రణాళిక రాసే గదిలో మీ క్లినికల్ ఆఫీసర్ కూర్చుని ఉండాలి. మీరు కాదు, అతను. మొదటి ఏడాది ఒకే ఒక్క పద్దు అడగమనండి: చెవి చుక్కలు. రెండో ఏడాది పర్యవేక్షకుడి పెట్రోలు. మూడో ఏడాది ఆడియోమీటర్ కాలిబ్రేషన్, బ్యాటరీలు. ఒకేసారి అన్నీ అడిగితే అన్నీ కొట్టేస్తారు. రాజధానిలో మంత్రిత్వ శాఖతో మీరు చేయాల్సిన పని వేరే ఉంది: చెవి, వినికిడి శిక్షణ పొందిన క్లినికల్ ఆఫీసర్‌కి మంజూరైన పోస్టు, దానికి తగ్గ గ్రేడు, మెడికల్ కౌన్సిల్ గుర్తింపు. నేర్చుకున్నదానికి జీతంలో పది రూపాయలైనా తేడా లేకపోతే, ఎంత ఇష్టమున్న మనిషైనా ఎన్నాళ్లు చేస్తాడు? 2017లో ప్రపంచ ఆరోగ్య సభ వినికిడిపై చేసిన తీర్మానం, వినికిడి సేవలను ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థలో కలపమని సభ్య దేశాలన్నిటినీ కోరింది. ఆ తీర్మానం కాపీ ఒకటి ఫైలులో పెట్టుకుని వెళ్లండి, పోస్టుల సంగతి మాట్లాడేటప్పుడు అది బల్ల మీద పెట్టడానికి పనికొస్తుంది.